ఏరిన గింజలు

బియ్యం ఏరేటప్పుడు చౌడేశ్వరి వెతకదు. చేటలో బియ్యాన్ని పలచగా పరిచి, చూపుని వాటి మీద వదిలేస్తుంది. కాసేపటికి ఆ చూపు దానంతటదే ఒకచోట ఆగిపోతుంది. అక్కడ ఉంటుంది ఆ గింజ. పొడవూ, లావూ, కొసన వంపూ అన్నీ బియ్యపుగింజవే. కానీ పక్కవి వెలుతురుని కొంచెం లోపలికి రానిస్తాయి, ఇది రానివ్వదు. ఎవరో బియ్యపుగింజని ఎదురుగా పెట్టుకుని, చూసి చూసి అలాంటిదే మరొకటి చేసినట్టుంటుంది. చూపుడువేలి గోటితో దాన్ని పక్కకి లాగి, బొటనవేలు ఆనించి ఎత్తి, పక్కనున్న గాజుసీసాలో పడేస్తుంది. టిక్కుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు కోసం తన చెవి ఎదురుచూస్తుందని ఆమెకి తెలియదు.

బుధవారం మధ్యాహ్నం. బడి వరండాలో ఎండ సగం దాకా వచ్చి ఆగింది. లోపల జానకిరామ్ మాస్టారు మూడో తరగతి చేత ఏడో ఎక్కం చెప్పిస్తున్నారు. పిల్లల భోజనాలయ్యాయి, అండాలు తోమి బోర్లించింది, పొయ్యి చుట్టూ తుడిచింది. ఈ బియ్యం రేపటివి. ముప్పై ఎనిమిది మందికి నాలుగు కిలోలకి కాస్త తక్కువ. ఇప్పుడో గంటన్నర, పొద్దున్నే వచ్చి ఇంకో గంట ఏరితే గానీ ఆమెకి తృప్తి ఉండదు. అలా ఏరమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పని పని కాబట్టే అందులో అలుపు లేదు.

ఆమెది నేతగాళ్ళ కన్ను. ఇంట్లో మొగుడు ఏడుకొండలు గుంటమగ్గం మీద నేస్తాడు. పడుగు పరిచినప్పుడు వేల పోగుల్లో ఒక పరాయి పోగు కలిస్తే వీధిలో అందరికంటే ముందు పట్టుకునేది చౌడేశ్వరే. పరాయి పోగు పడుగులో ఉండకూడదు. చీర సంగతి అది. అన్నం సంగతి కూడా అంతేనని ఆమె మనసు ఎప్పుడో తీర్మానించేసుకుంది. ఆ తీర్మానం జరుగుతున్నప్పుడు ఆమెని పిలవలేదు, అంతే.

"అమ్మాయ్ చౌడేశ్వరీ! ఇయ్యాల ఎన్ని దొరికినయ్యి దొంగ గింజలు?"

కొండలమ్మ ఖాళీ తట్ట మెట్టు మీద దించి, పక్కనే కూలబడింది. పల్లెపాలెం నుంచి చేపలు తెచ్చి నేతవీధుల్లో అమ్ముతుంది. కార్తీకమాసం వెళ్ళి వారం కూడా కాలేదు. నెల్లాళ్ళు నీచు ముట్టని ఇళ్ళన్నీ ఒక్కసారిగా గుమ్మాల్లోకి వచ్చి పిలుస్తున్నాయి. ఇవాళ తట్ట రెండుసార్లు నిండి రెండుసార్లూ ఖాళీ అయింది. ఆ సంతోషం ఆమె మోకాళ్ళలో కూడా కనిపిస్తోంది, కాళ్ళు బారజాపి ఆడిస్తోంది.

"అన్నీ ఎక్కడ దొరుకుతాయి పిన్నీ. కడిగేటప్పుడు తేలినవి కొన్ని పారబోస్తా. నా కన్ను కప్పి ఎన్నో పోతాయి."

"నీ కన్ను కప్పడమా! వాటి తరమా!" కొండలమ్మ గొంతు తగ్గించింది. "అవతల ఊరి బళ్ళో ఏం జరిగిందో విన్నావా? అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే బంతిలాగా ఎగిరిందంట."

"నువ్వు చూశావా?"

"నేనెందుకు చూస్తా, మా చెల్లెలి కోడలు చూసింది. అదీ చూళ్ళేదనుకో, దాని ఆడబిడ్డ చూసింది."

చౌడేశ్వరి నవ్వింది. వేళ్ళు మాత్రం ఆగలేదు.

"నవ్వుతావేంటే? ప్లాస్టిక్ కాబట్టే ఎగిరింది. మా పాలెంలో ఆడాళ్ళందరిదీ ఒకటే మాట. చౌడేశ్వరి ఏరుతోంది కాబట్టి పంపుతున్నాం. ఏరడం మానిన మర్నాడు మా పిల్లలు పద్నాలుగు మందీ ఈ అన్నం ముట్టరు. బిస్కెట్ పొట్లాలు కొనిచ్చి పంపుతాం."

ఆ పద్నాలుగు మంది తల్లుల్లో చాలామంది తెల్లారకుండానే రొయ్యల షెడ్లకి పోతారు. మధ్యాహ్నానికి పిల్లలకి బడి అన్నమే అన్నం. ఆ సంగతి కొండలమ్మకీ తెలుసు, చౌడేశ్వరికీ తెలుసు. ఆ పద్నాలుగు కంచాలూ తన చూపుడువేలి గోటి మీద నిలబడి ఉన్నాయనుకుంటే చౌడేశ్వరికి బరువుగా అనిపించాలి. అనిపించింది కూడా. ఆ బరువు కింద ఏదో తియ్యగా ఉంది. ఆ తీపి వైపు ఆమె చూడలేదు.

"అయినా ఏం తిండమ్మా ఇది? రోజూ గుడ్డు వేడి చేస్తది. పొద్దున్నే ఆ రాగిజావ, గేదెకి కుడితి పెట్టినట్టు. ముక్క లేందే అన్నం ఒంటికి పట్టుద్దా? మా మనవరాలు రుచితని చూడు. నాలుగో క్లాసంటే ఎవరన్నా నమ్ముతారా? పైగా బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి పచ్చిబియ్యం బొక్కుద్ది. పెళ్ళినాడు వాన పడుద్దే అంటే వినదు."

"ఈమధ్య పిల్ల మొహం తేటగానే ఉంది పిన్నీ."

"ఉష్, దిష్టి పెట్టకు!" కొండలమ్మ గబగబా మూడుసార్లు పక్కకి ఉమ్మేసింది. "ఎల్లుండి నర్సమ్మ వస్తదంటగా, రక్తం చూడ్డానికి?"

"వస్తుంది. ఆవిడ చేతిలో పెట్టడానికే ఈ సీసా దాస్తున్నా. పైవాళ్ళకి చూపించి అడగమంటా, పిల్లలకి పెట్టే బియ్యంలో ఏం కలుపుతున్నారని."

కొండలమ్మ సీసాని చేతిలోకి తీసుకుని, బంగారం తూచినట్టు తూచి, తల ఊపి, తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

చౌడేశ్వరి సీసాకి మూత బిగించబోయి ఆగింది. దసరా సెలవుల తర్వాత ఆ సీసా చుట్టూ ఎర్ర నూలుపోగు ఒకటి కట్టింది, గింజలు అప్పటికి ఎంతవరకు వచ్చాయో గుర్తుకి. ఆ తర్వాత ఒక్కరోజు మానకుండా ఏరింది. లెక్క ప్రకారం గింజలు ఆ పోగుకి రెండు వేళ్ళ పైన ఉండాలి. వేలెడు కింద ఉన్నాయి.

ఎలుక అనుకుంది. ఎలుకైతే మూత మళ్ళీ పెట్టి వెళ్ళదు.

గురువారం పొద్దున చింతపండు నానబెట్టి, వంటగది తలుపు వెనక ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. సీసా పసుపు డబ్బా పక్కన, ఎప్పుడూ ఉండే అరలోనే ఉంది. ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ కుళాయి దగ్గరికి పరిగెత్తారు. ఆ పరుగులోంచి ఒక జత కాళ్ళు విడిపోయి ఇటు వచ్చాయి.

రుచిత.

పిల్ల అటూ ఇటూ చూడలేదు. అలవాటైన ఇంట్లోకి వచ్చినట్టు వచ్చి, మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులతో సీసా దించింది. మూత తీసి నేల మీద పెట్టకుండా చంకలో పెట్టుకుంది. అరచేతి గుంట నిండా వంపుకుంది, చూసుకుంది, ఎక్కువైందేమో నాలుగు గింజలు మళ్ళీ లోపల వేసింది. మూత బిగించి, గౌనుతో సీసా తుడిచి, ఎర్ర పోగు ముడి ఇంతకుముందు ఏ వైపు ఉందో ఆ వైపుకే తిప్పి పెట్టింది. అప్పుడు గోడకి ఆనుకుని, ఒక్కొక్క గింజే నోట్లో వేసుకుని నమలసాగింది. కళ్ళు సగం మూసుకుంది.

చౌడేశ్వరి లేవాలనుకుంది. లేవలేకపోయింది. ఆ చిన్న వేళ్ళు గింజని పట్టుకునే తీరు తనదే. చూపుడువేలు, బొటనవేలు ఆనింపు. తను తీసిపారేసినదాన్ని తనలాగే ఎవరో ఏరుకుంటున్నారు.

"రుచితా."

పిల్ల నమలడం ఆపింది. నోరు మూసింది.

"నోరు తెరువు."

తెరిచింది. నాలుక మీద రెండు గింజలున్నాయి.

"ఊసెయ్."

మింగేసింది.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"వినాయకచవితి అయిన కాడ్నించి."

"రోజూనా?"

రుచిత నిజాయితీగా ఆలోచించింది. "ఆదివారం కాదు."

"అవి ప్లాస్టిక్ అని తెలీదా నీకు? మీ మామ్మ రోజూ అరుస్తుంటే వినపడదా?"

"ప్లాస్టిక్ ఇలా ఉండదాంటీ. నేను పెన్ను మూత నమిలా, అది నలగదు. ఇవి నలుగుతాయి."

చౌడేశ్వరి ఆ మాట వినలేదు. చెవిలో పడింది గానీ లోపలికి పోలేదు. లోపల అప్పటికే వేరే చప్పుడు మొదలైంది. పిల్ల చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, గౌను మీద నుంచి పొట్ట నొక్కి చూసింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"గట్టిగా, బరువుగా?"

"చక్కిలిగిలి." రుచిత మెలికలు తిరిగి కిలకిల నవ్వింది.

పొయ్యి సిమ్‌లో పెట్టి, కొంగు బిగించి, ఎదురు కొట్టుకి దాదాపు పరిగెత్తింది చౌడేశ్వరి. రెండు చక్రకేళీలు తెచ్చి ఒలిచి, దగ్గర కూర్చుని తినిపించింది. లోపల ఏదన్నా అంటుకుని ఉంటే అరటిపండుతో జారిపోతుందని చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పేది. రుచిత రెండూ శ్రద్ధగా తిని, వేళ్ళు నాక్కుంది.

"రేపు కూడా ఇస్తావా ఆంటీ?"

"మీ మామ్మతో చెప్పకు. నేను చెప్పే దాకా ఎవరితోనూ చెప్పకు."

"అరటిపండ్ల సంగతా, గింజల సంగతా?"

"రెండూ."

ఆ మధ్యాహ్నం వడ్డనకి ముందు జానకిరామ్ మాస్టారు ఎప్పటిలాగే గరిటెడు పప్పుచారు అరచేతిలో పోయించుకుని రుచి చూశారు. చూసి, కాసేపు ఆకాశం వైపు చూశారు. "ఉప్పు మర్చిపోయినట్టున్నారు చౌడేశ్వరి గారూ," అన్నారు, తప్పు తనదే అన్నట్టు మొహమాటంగా. బళ్ళో వంటకి వచ్చాక ఆమె ఉప్పు మర్చిపోవడం అదే మొదలు.

రుచిత రెండోసారి అన్నం పెట్టించుకుంది. చౌడేశ్వరి ఆ పిల్లని కంచం ఖాళీ అయ్యేదాకా చూసింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆమెని ఇంకా భయపెట్టింది. కనపడే జబ్బయితే ఏదో ఒకటి చెయ్యొచ్చు.

సాయంత్రం మగ్గం దగ్గర నూలు కండెలు చుడుతూ మొగుడికి చెప్పింది. ఏడుకొండలు గుంటలో కాళ్ళు పెట్టుకుని నాడె అటూ ఇటూ విసురుతున్నవాడు, విసిరిన చెయ్యి అలాగే పెట్టి ఆగాడు.

"పిల్ల ఎలా ఉంది?"

"బాగానే ఉంది. అదే అర్థం కావట్లేదు."

"రేపు నర్సమ్మతో చెప్పు."

"కొండలమ్మ పిన్నికి తెలిస్తే?"

ఏడుకొండలు నాడె విసిరాడు. మగ్గం మళ్ళీ మొదలైంది. ఆ చప్పుడులో చౌడేశ్వరి తనతో తను ఒక మాట అనుకుని ఉలిక్కిపడింది. విషం అనుకున్నదాన్ని తీసి పారెయ్యాలి కదా. పారెయ్యకుండా గాజుసీసాలో పోసి, పిల్లల చెయ్యి అందే అరలో పెట్టి, ఎంత పెరిగిందా అని దారం కట్టి మరీ చూసుకుంది. ఎందుకు? నర్సమ్మకి చూపించడానికి అనుకుంది ఇన్నాళ్ళూ. నర్సమ్మకి చూపించడానికి గుప్పెడు చాలు.

శుక్రవారం నర్సమ్మ సుధామణి గారు స్కూటీ మీద వచ్చింది. హెల్మెట్ తీసి, నీళ్ళు తాగి, వరండాలో బల్ల మీద మిషనూ సూదులూ దూదీ సర్దుకుంది. పిల్లలు వరసలో నిలబడి ఏడవాలా వద్దా అని ముందువాళ్ళని చూసి నిర్ణయించుకుంటున్నారు. నాలుగైదు ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చారు. కొండలమ్మ ఆ పూటకి తట్ట కోడలి తమ్ముడికి అప్పగించి, అందరికంటే ముందు కూర్చుంది.

చౌడేశ్వరి వంటగది గుమ్మంలో నిలబడింది. కొంగు కింద సీసా ఉంది. నర్సమ్మ ఒంటరిగా దొరికినప్పుడు చెప్పాలి. దొరకడం లేదు.

సుధామణి గారు ఒక్కొక్కరి వేలు గుచ్చి, అంకె చెప్పి, పాత కార్డుతో పోల్చి రాసుకుంటోంది. తొమ్మిదిన్నర. అప్పుడూ తొమ్మిదిన్నరే. తొమ్మిది పాయింట్ రెండు. అప్పుడు తొమ్మిది. పది. అప్పుడూ పదే. ఒక్కో అంకెకీ ఆవిడ పెదవి కొద్దిగా బిగుస్తోంది.

"జూలైలో చూసినవే కదండీ మాస్టారూ. నాలుగు నెలలైంది. గుడ్డు పెడుతున్నారు, జావ పోస్తున్నారు, అయినా ఒక్కళ్ళూ కదలట్లేదేంటి?"

జానకిరామ్ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

రుచిత వంతు వచ్చింది. గుచ్చించుకుని, రక్తం వైపు ఆసక్తిగా చూసింది. సుధామణి గారు మిషన్ చూసింది. కార్డు చూసింది. ఇంకో వేలు గుచ్చి మళ్ళీ చూసింది.

"పదకొండు పాయింట్ మూడు! జూలైలో ఎనిమిది పాయింట్ ఒకటి ఉంది ఈ పిల్లకి. ఎవరండీ ఈ పాప తాలూకు?"

"నేనే, నేనే!" కొండలమ్మ లేచి నిలబడింది.

"ఏం పెడుతున్నారు మామ్మగారూ?"

కొండలమ్మకి ఇలాంటి ప్రశ్న జీవితంలో ఎవరూ వెయ్యలేదు. గొంతు సవరించుకుంది. "మెత్తళ్ళు తల్లీ. తలకాయ తియ్యకుండా ఇగురు పెడతా. రొయ్యపొట్టు గోంగూరలో వేస్తా. ముళ్ళున్న చేప పెడితే పిల్లలకి తీరిగ్గా తినడం అలవాటవుద్ది. ఇంకా చెప్పమంటావా?"

ఆడవాళ్ళంతా నవ్వారు. సుధామణి గారు కూడా నవ్వుతూ అటు తిరిగింది. ఆ తిరగడంలో గుమ్మంలో ఉన్న చౌడేశ్వరి కొంగు కింద మెరుస్తున్న గాజుసీసా కనిపించింది.

"ఏంటండీ అది, దాస్తున్నారు?"

ఇక దాచడానికి లేకపోయింది. సీసా బల్ల మీద పెట్టింది. "బియ్యంలో వస్తున్నాయండీ. ఏరి పెట్టా. మీకు చూపించాలని."

సుధామణి గారు సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది. ఆవిడ మొహంలో నవ్వు ఒక మూల నుంచి ఆరిపోతూ వచ్చింది.

"ఇవన్నీ మీరు ఏరారా?"

"అవునండీ."

"చౌడేశ్వరి గారూ, ఇవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండే. అందులో ఇనుమూ విటమిన్లూ కలిపి, మళ్ళీ గింజలాగా ఒత్తి, నూటికి ఒకటి చొప్పున బియ్యంలో కలుపుతారు. పిల్లలకి రక్తం పట్టాలని. ఎన్నాళ్ళ నుంచి ఏరుతున్నారు?"

"బడి తెరిచిన కాడ్నుంచి."

"రోజూనా?"

"ఆదివారం కాదు."

తన నోటి వెంట వచ్చిన మాట తనకే వినిపించి చౌడేశ్వరి బల్ల అంచు పట్టుకుంది. తొమ్మిదిన్నర, తొమ్మిది పాయింట్ రెండు, పది. ఆ అంకెలన్నీ తన వేళ్ళు రాసినవి. ఎంత శ్రద్ధగా ఏరిందో అంత శ్రద్ధగా తీసేసింది. బద్ధకస్తురాలైన వంటమనిషి ఉంటే ఈ పిల్లలు ఈపాటికి బాగుపడి ఉండేవాళ్ళు.

"కాగితం వచ్చిందండీ," అన్నారు జానకిరామ్ మాస్టారు నెమ్మదిగా. "చదివి సంతకం పెట్టి బీరువాలో పెట్టాను. వంటవాళ్ళకి చెప్పాలని అందులోనే ఉంది. చెప్పాననే అనుకున్నాను."

"ఆగండాగండి." కొండలమ్మ చెయ్యెత్తింది. "కాగితంలో ఉంటే నిజమైపోద్దా? ఒత్తిన గింజంట! మిషన్లో చేసిందాన్ని మా పిల్లల కడుపులో పోస్తారా? అమ్మాయ్ చౌడేశ్వరీ, నువ్వు ఏరడం మానకు. మానావంటే మా పద్నాలుగు మందీ రేపట్నుంచి తినరు. ఏమే, చెప్పరేంటే?"

వెనకున్న ఆడవాళ్ళు తలలూపారు. సుధామణి గారు ఏదో చెప్పబోయింది. ఆవిడ మాట ఇక్కడ చెల్లదని చౌడేశ్వరికి తెలుసు. ఈ పాలెం వాళ్ళు నమ్మే మనిషి ఈ వరండాలో ఒక్కతే ఉంది. ఆ మనిషిని వాళ్ళు నమ్మేది కూడా ఈ ఏరడం వల్లే.

రుచిత వేలికి దూది అదుముకుని ఆమె వైపే చూస్తోంది. పెదవులు రెండూ లోపలికి మడిచి పెట్టుకుంది. చెప్పొద్దన్నావుగా, చెప్పలేదు చూడు, అన్నట్టు. చౌడేశ్వరి ఊరుకుంటే ఆ పిల్ల పెళ్ళయ్యేదాకా కూడా చెప్పదు. మెత్తళ్ళకి పేరొస్తుంది. తను కన్నున్న చౌడేశ్వరిగానే ఉండిపోతుంది.

"పిన్నీ," అంది. "నీ మనవరాలు తిన్నది చేపలొక్కటే కాదు."

"మరి?"

"ఈ సీసాలోవి తింది. రోజూ గుప్పెడు. వినాయకచవితి నుంచి. నాకు నిన్ననే తెలిసింది."

కొండలమ్మ మనవరాల్ని గడ్డం పట్టి ఇటు తిప్పి, కింది కనురెప్ప లాగి చూసింది. నోరు తెరిపించి చూసింది. గోళ్ళు చూసింది. తట్టలో చేప మొప్పలు ఎత్తి తాజాదో కాదో చూసేటప్పుడు ఎంత నిదానంగా చూస్తుందో అంత నిదానంగా.

"నిన్న తెలిస్తే నిన్ననే ఎందుకు చెప్పలేదే?"

"భయమేసింది పిన్నీ."

"దేనికి?"

"నీకు."

కొండలమ్మ గొంతులో దగ్గులాంటిది మొదలైంది. భుజాలు కదిలాయి. అది నవ్వని చౌడేశ్వరికి అర్థమయ్యేలోపు వరండా అంతా అంటుకుంది. కొండలమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఇది పచ్చిబియ్యం దొంగని తెలుసు గానీ, ఇంత తెలివైన దొంగనుకోలేదే! బళ్ళో ముప్పై ఎనిమిది మందిలో ఇదొక్కత్తే సరైన అన్నం తిన్నదన్నమాట." అంతలోనే మొహం గంభీరం చేసింది. "అయితే నర్సమ్మా, నా మెత్తళ్ళు?"

"మెత్తళ్ళూ పనిచేశాయి మామ్మగారూ."

"ఎంత నాది, ఎంత దానిది?"

"సగం సగం వేసుకోండి."

"సగానికి తగ్గితే ఒప్పుకోను." కొండలమ్మ చౌడేశ్వరి వైపు తిరిగింది. "రేపు శనివారం నేనే వస్తా. మా వాళ్ళనీ తీసుకొస్తా. ఏరకుండా వండు. ముద్ద చేసి నేలకేసి కొడతా. ఎగిరిందా, నీ సంగతీ నర్సమ్మ సంగతీ చూస్తా."

సుధామణి గారు రుచితని దగ్గర కూర్చోబెట్టుకుంది. రక్తం తక్కువైనప్పుడే పచ్చిబియ్యం, మట్టి, సుద్ద తినాలనిపిస్తుందనీ, ఇక పచ్చివి తినొద్దనీ, అన్నంలోనే తినమనీ చెప్పింది. మిగతావాళ్ళు ఇవాళ మొదలుపెట్టినా వేసవి సెలవుల్లోపు అంకెలు మారతాయంది. వెళ్ళేముందు సీసా సంచిలో పెట్టుకుంది.

"వచ్చేవారం విజయవాడలో మాకు మీటింగుంది. అక్కడ చూపిస్తా. మీ ఊరి పేరు చెప్పన్లెండి."

స్కూటీ వెళ్ళిపోతుంటే సంచిలోంచి ఎర్ర పోగు ముడి కొస ఒకటి బయటికి కనిపించింది. పైవాళ్ళకి చూపించమని తను దాచిన సీసా పైవాళ్ళ దగ్గరికే పోతోంది. అనుకున్నట్టే జరిగింది, కాకపోతే తను నిలబడింది ఇప్పుడు తప్పు చేసినవాళ్ళ వైపు.

ఆ సాయంత్రం సంగతంతా విని ఏడుకొండలు మగ్గం ఆపాడు. అంచులో జరీని వేలితో తడిమాడు. "అయితే అయిదు నెలలుగా చీరలో జరీపోగులన్నీ లాగేసి, నేత ఎంత చక్కగా ఉందో అని మురిశావన్నమాట," అన్నాడు. అతను అంత పొడుగు మాట మాట్లాడి ఎన్నాళ్ళయిందో. చౌడేశ్వరి అతని మీద కోపం తెచ్చుకోవాలనుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. కండె చేతిలోంచి జారి మగ్గం గుంటలో పడింది.

శనివారం పొద్దున చేట గోడకే తగిలించి ఉంది. రాళ్ళేమన్నా ఉన్నాయేమోనని ఒకసారి పైపైన చూసి, బియ్యం కడిగేసింది. రెండు గింజలు తేలాయి. చెయ్యి అలవాటుగా వాటి వైపు పోయింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, వేళ్ళతో గింజల్ని నీళ్ళలోకి అదిమింది. ఎసట్లో పోశాక ఏం చెయ్యాలో తోచలేదు. పొద్దు ఇంత పెద్దదని ఇన్నాళ్ళూ ఆమెకి తెలియదు. తోచక వరండా రెండుసార్లు ఊడ్చింది, కొత్తిమీర ఎప్పటికంటే సన్నగా తరిగింది. అయిదో తరగతి ఆడపిల్లలు ఇద్దరు వచ్చి ఒప్పులకుప్ప తిరుగుతుంటే నిలబడి చూసింది.

పన్నెండింటికి పాలెం ఆడవాళ్ళు ఏడుగురు వచ్చారు. ముందు కొండలమ్మ, పెళ్ళిచూపులకి వచ్చినదానిలా ఉతికిన చీర కట్టుకుని. మాస్టారు రుచి చూశారు. "ఇవాళ ఉప్పు సరిపోయిందండీ," అని ప్రకటించారు.

కొండలమ్మ గుండిగ దగ్గరికి వచ్చి, గరిటెతో ఇంత అన్నం పళ్ళెంలో వేయించుకుంది. ఊది, ముద్ద చేసి, అరచేతుల మధ్య గట్టిగా గుండ్రంగా ఒత్తింది. వరండా చివరికి నడిచింది. పిల్లలు, తల్లులు, మాస్టారు ఆమె వెనకే వచ్చి అర్ధచంద్రాకారంగా నిలబడ్డారు. చౌడేశ్వరి అందరికంటే వెనక, గరిటె పట్టుకుని నిలబడింది. బియ్యప్పిండేనని ఆమెకి తెలుసు. అయినా మునివేళ్ళ మీద లేచి చూసింది.

కొండలమ్మ చెయ్యి తల మీదికెత్తి, శక్తికొద్దీ నేలకేసి కొట్టింది.

తపుక్కుమంది. ముద్ద చితికి నాలుగువైపులా చిందింది. మాస్టారి ప్యాంటు మీద కొంత పడింది. ఎక్కడి నుంచో ఒక కాకి దిగి, గంభీరంగా రెండడుగులు వేసి, ఒక మెతుకు పొడుచుకుంది. ఆగి, ఇంకోటి పొడుచుకుంది.

"ఎగర్లేదు," అన్నాడు రెండో తరగతి పిల్లాడొకడు నిరాశగా.

"కాకి తింటంది," అంది ఒకామె.

కొండలమ్మ చేతులు కడుక్కుంది. "ఆ ఆడబిడ్డ వట్టి అబద్ధాలకోరు. నాకు ముందే తెలుసు," అంది. "ఏంటే చూస్తారు, కూర్చోండి. నాకూ ఆకలేస్తంది. అమ్మాయ్, వడ్డించు."

పిల్లల వరస చివర తల్లులు కూడా కూర్చున్నారు. కొండలమ్మ కొంగుముడిలోంచి ఒక పొట్లం తీసింది. వేయించిన మెత్తళ్ళు. తన సగం తను తెచ్చుకుంది. రెండేసి చొప్పున చుట్టుపక్కల కంచాల్లో పంచింది. మాస్టారు చూడనట్టు అటు తిరిగారు, కాసేపటికి తనకీ రెండు కావాలన్నట్టు ఇటు తిరిగారు.

అందరికీ వడ్డించాక చౌడేశ్వరిని కూడా లాగి కూర్చోబెట్టారు. రుచిత ఎదురు వరసలో ఉంది. మామ్మ పక్కనుంచి, "ఇక పచ్చిబియ్యం జోలికి పోకు. ఇప్పటిదాకా తిన్నదానికే నీ పెళ్ళికి తుఫాను వచ్చుద్ది. పడవ మీద తేవాలి పెళ్ళికొడుకుని," అంటోంది. రుచిత ఆ సంగతి ఆలోచిస్తున్నట్టుంది. పడవ బాగానే ఉంటుందనుకుందేమో, నవ్వుకుంది.

చౌడేశ్వరి పప్పుచారు కలుపుకుంటూ కంచంలోకి చూసింది. చూపుని ఎప్పటిలాగే వదిలేసింది. అది అన్నం మీద అటూ ఇటూ తిరిగి ఒకచోట ఆగిపోయింది. ఉడికి ఉబ్బినా తెలుస్తూనే ఉంది, పక్క మెతుకుల్లో ఒకటి కాదని. గోరు దాన్ని పక్కకి లాగింది. బొటనవేలు ఆనింది. మెతుకు రెండు వేళ్ళ మధ్యకి వచ్చింది. చప్పుడు కోసం చెవి ఎదురుచూసింది, పక్కన సీసా లేదు.

తలెత్తితే రుచిత ఆ వేళ్ళ వైపే చూస్తోంది.

"ఆంటీ, అది నాకిస్తావా?"

"ఇవ్వను," అని చౌడేశ్వరి దాన్ని నోట్లో వేసుకుంది.